పెన్సిల్‌తో నింపిన గడులు

స్టేడియం గేటు దాటి మెట్లెక్కుతుంటే వెల్లుల్లి వాసన గుప్పుమంది. వేడివేడి బంగాళాదుంప ఫ్రైస్ మీద సన్నగా తరిగిన వెల్లుల్లి దండిగా చల్లి అమ్ముతారు ఇక్కడ. దక్షిణాన గిల్రాయ్ అని వెల్లుల్లికి పేరుపడ్డ ఊరుంది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ ఆట అనగానే నాకు ముందు ఈ వాసనే గుర్తొస్తుంది. టెక్సస్ వెళ్లిపోయాక మళ్లీ ఇటు రావడం కుదరలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ వాసన తగిలేసరికి మెట్ల మధ్యలోనే ఆగిపోయాను.

"ఏమైంది నాన్నా?" అన్నాడు మా అబ్బాయి.

ఏం లేదన్నాను. నా భుజానికున్న సంచిలో పెద్దాయన స్కోరు పుస్తకం ఉంది.

పెద్దాయన మొన్న చలికాలంలో కన్నుమూశారు. నేను వెళ్లలేకపోయాను. నెల తర్వాత వాళ్లమ్మాయి పోస్టులో ఒక పార్సిల్ పంపింది. మూలలు నలిగిన ఆకుపచ్చ అట్ట పుస్తకం, పైన చిన్న చీటీ: "ఇది మీకివ్వమని నాన్న చెప్పారు." చాలా రోజులు విప్పి చూడలేకపోయాను. చూస్తే ఇక్కడే చూడాలనిపించింది.

* * *

నేను అమెరికా వచ్చింది 1998 వేసవిలో. కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీలు సరిచేసే వై2కే పని కోసం మాలాంటి వాళ్లు విమానాలకొద్దీ దిగుతున్న రోజులు. సన్నీవేల్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్, నలుగురం. కార్పెట్ మీదే పరుపులు, వంతులవారీగా వంట, రోజూ పప్పుచారు. మాకంటే ముందున్న వాళ్లెవరో వదిలేసి వెళ్లిన టీవీ ఒకటి ఉండేది. ఆ వేసవంతా ఆ టీవీలో ఇద్దరే కనిపించారు. సెయింట్ లూయిస్ టీంలో మార్క్ మెగ్వైర్, షికాగో టీంలో శామీ సోసా.

మాకు ఆట అర్థమయ్యేది కాదు. బంతి స్టేడియం అవతల పడితే హోమ్ రన్ అని, అది మన సిక్సర్ లాంటిదని మాత్రం తెలుసుకున్నాం. ఒక సీజన్‌లో 61 హోమ్ రన్‌లు కొట్టిన రోజర్ మారిస్ రికార్డు 1961 నుంచి అలాగే ఉందట. సెప్టెంబర్ 8న మెగ్వైర్ 62వది కొట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి కొడుకుని అమాంతం పైకెత్తుకున్నాడు. ఎదుటి జట్టులో ఉన్న సోసా పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. స్టాండ్స్‌లో కూర్చున్న మారిస్ పిల్లల దగ్గరికి మెగ్వైర్ తనే వెళ్లాడు. ఆ దృశ్యానికి మా నలుగురికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆట తెలియకపోయినా ఆ మర్యాద తెలిసింది. ఆ ఏడాది మెగ్వైర్ 70 కొట్టాడు, సోసా 66.

అంతకు కొద్దిరోజుల ముందే ఒక విలేఖరి మెగ్వైర్ లాకర్‌లో ఒక సీసా చూసి రాశాడు. ఆండ్రోస్టెనిడియోన్. ఒంట్లోకి వెళ్లి టెస్టోస్టిరాన్‌గా మారే పదార్థం. ఒలింపిక్స్‌లో నిషేధం. బేస్‌బాల్‌లో అప్పటికి లేదు, బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. తప్పంతా చూసినవాడిదే అన్నట్టు చాలామంది ఆ విలేఖరినే తిట్టారు. జనం వినదలచుకోలేదు. 1994లో ఆటగాళ్ల సమ్మెతో సీజన్ చివరి ఫైనల్స్, వరల్డ్ సిరీసే రద్దయి, అభిమానులు ఆట మీద అలిగి కూర్చున్నారు. ఈ ఇద్దరి పుణ్యమా అని అందరూ మళ్లీ స్టేడియాలకి వస్తున్నారు. ఆ సంబరాన్ని పాడు చేసుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

మా రూమ్‌లో భీమవరం అతనికి జిమ్ పిచ్చి. ఒక శనివారం మాల్ నుంచి అదే మందు డబ్బా తెచ్చాడు. "మెగ్వైర్ వాడేదే గురూ!" అని కిచెన్‌లో ఆవకాయ సీసా పక్కన పెట్టాడు. మూడు నెలలు వాడాడు. మొహం నిండా మొటిమలు, చీటికీ మాటికీ చిరాకు. అది ఆ డబ్బా వల్లో కాదో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ ఆ సీసా పక్కన ఆ డబ్బా ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. షెల్ఫ్ మీద అమ్ముతున్నారంటే మంచిదే అయుంటుందని మేమంతా నమ్మాం. 2004లో ప్రభుత్వం దాని అమ్మకాలను ఆపించింది.

* * *

పెద్దాయన మా ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ మనిషి. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ వయసు. మేం తెలుగువాళ్లం మాలో మేం ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. తర్వాత ఆ మాటకి అర్థం చెబితే చాలా సంతోషించారు. మధ్యాహ్నాలు ఆట ఉంటే ఆయన క్యూబికల్‌లో చిన్న రేడియో సన్నగా మోగుతుండేది. జాన్ మిల్లర్ గొంతు. తొందర లేకుండా, కథ చెబుతున్నట్టు ఉండేది ఆ కామెంటరీ.

ఆ రేడియో విన్న మొదటిరోజే నేను సికింద్రాబాద్ వెళ్లిపోయాను. మా నాన్న రైల్వేలో చేసేవారు. టెస్ట్ మ్యాచ్ అంటే ఇంట్లో ట్రాన్సిస్టర్ కిటికీలో చేరేది. స్టేషన్ సరిగ్గా పట్టాలని దాన్ని ఒక వైపు వాల్చి, కింద అగ్గిపెట్టె పెట్టేవారు. వికెట్ పడగానే చించిన క్యాలెండర్ కాగితం వెనక స్కోరు రాసుకునేవారు. పెద్దాయన కూడా రాస్తున్నారు! ఒళ్లో పుస్తకం, చెవి వెనక పెన్సిల్. అంతే, వెళ్లి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

స్కోరు రాయడం ఆయనే నేర్పారు. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి, గడి మధ్యలో చిన్న డైమండ్. ఫీల్డర్లందరికీ నంబర్లు: బంతి వేసే పిచ్చర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6. బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి, అక్కడినుంచి ఫస్ట్ బేస్‌కి వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాయాలి. స్ట్రైక్అవుట్‌కి 'కె' అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ అక్షరాన్ని అద్దంలోలా తిప్పి రాయాలి. హోమ్ రన్ అయితే డైమండ్ మొత్తం పెన్సిల్‌తో నల్లగా నింపాలి. ఆ నింపేటప్పుడు ఆయన చాలా నెమ్మదిగా, గీత బయటికి పోకుండా నింపేవారు.

చిన్నప్పుడు వాళ్ల నాన్నతో వెళ్లి విల్లీ మేస్ ఆట చూశారట. మేస్ పేరెత్తితే ఆయన మొహం మారిపోయేది. మేస్ కెరీర్‌లో కొట్టినవి 660. ఆ మేస్ దగ్గరుండి పెంచిన ధర్మపుత్రుడు లాంటివాడు బ్యారీ బాండ్స్. తండ్రి బాబీ బాండ్స్ కూడా జెయింట్స్‌లో మేస్‌తో కలిసి ఆడినవాడే. అందుకని బాండ్స్ అంటే పెద్దాయనకి ఇంటి పిల్లాడి మీద ఉండే మమకారం.

* * *

2000లో నీళ్ల ఒడ్డున ఈ కొత్త స్టేడియం తెరిచారు. కుడివైపు గోడ అవతలే సముద్రపు పాయ. బాండ్స్ కొడితే బంతి నీళ్లలో పడేది. చిన్న పడవలేసుకుని, వలలు పట్టుకుని జనం అక్కడ కాచుకుని ఉండేవారు. ఎదుటి జట్టువాళ్లు భయపడి కావాలనే నాలుగు చెడ్డ బంతులేసి అతన్ని ఫస్ట్ బేస్‌కి పంపించేసేవారు. అలా పంపినప్పుడల్లా అభిమానులు గోడ మీద రబ్బరు కోడిబొమ్మ ఒకటి వేలాడదీసేవాళ్లు, పిరికివాళ్లని వెక్కిరిస్తూ. 2004లో అయితే కావాలని ఇచ్చిన వాక్‌లే 120.

నాకు మాత్రం 2001 శరత్కాలమే అసలైన జ్ఞాపకం. డాట్‌కామ్‌లు కూలిపోయాయి. ప్రతి శుక్రవారం ఆఫీసులో ఎవరో ఒకరు అట్టపెట్టె పట్టుకుని బయటికి నడిచేవారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. అంతలో సెప్టెంబర్ 11. దుకాణంలో, రోడ్డు మీద, మా రంగు చూసి జనం ఇంకోలా చూస్తున్న రోజులు. మా ఇంటావిడ అప్పుడే కొత్తగా వచ్చింది, ఒళ్లో పిల్లాడు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆటలు వారం రోజులు ఆగి మళ్లీ మొదలయ్యాయి. మెగ్వైర్ 70 రికార్డు వైపు బాండ్స్ 64, 65, 66 అంటూ వెళ్తున్నాడు. రోజంతా లేఆఫ్ టెన్షన్, సాయంత్రం మాత్రం పెద్దాయన రేడియో. ఆ అంకె పెరుగుతుంటే, ఈ దేశంలో ఇంకా ఏదో మామూలుగానే నడుస్తోందని ధైర్యం వచ్చేది.

అక్టోబర్ 5 రాత్రి పెద్దాయన నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. డాడ్జర్స్‌తో ఆట. మొదటి ఇన్నింగ్స్‌లోనే చాన్ హో పార్క్ వేసిన బంతిని బాండ్స్ లేపాడు. ఆ చప్పుడు నేను మరిచిపోలేను. పొడి కొబ్బరికాయ రాతిమీద పగిలినట్టు ఒక్క దెబ్బ, తర్వాత క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత నలభై వేలమంది అరుపు. 71. మూడో ఇన్నింగ్స్‌లో 72. ఎవరో తెలియని తెల్లాయన నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశాడు. ఆ నెలలో ఒక అపరిచితుడు నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి.

ఆట మాత్రం జెయింట్స్ 11-10తో ఓడిపోయారు. నాలుగున్నర గంటలు సాగింది. అర్ధరాత్రి దాటాక సన్మానం. బాండ్స్ మాట్లాడుతూ ఏడ్చాడు. పక్కన మేస్. నీళ్ల మీంచి వచ్చే చలిగాలికి నేను పళ్లు కొరుక్కుంటుంటే, పెద్దాయన తన జాకెట్ విప్పి నాకు తొడిగారు. అందులో నాఫ్తలిన్ ఉండల వాసన, పెన్సిల్ పొట్టు వాసన. చివరి రైలు వెళ్లిపోయింది. తన కారులో నన్ను సన్నీవేల్‌లో దింపి, ఆయన ఇంటికి చేరేసరికి ఎంతయిందో.

* * *

మా రైలు బర్లింగేమ్ మీదుగా వెళ్తుంది. ఇక్కడున్నన్నాళ్లూ ఆ స్టేషన్ దాటుతూనే వెళ్లాను. ఆ ఊళ్లోనే బాల్కో అనే చిన్న ల్యాబ్ ఉండేది. 2003 సెప్టెంబర్‌లో అధికారులు దాన్ని సోదా చేశారు. నడిపేవాడు విక్టర్ కాంటే. ఆటగాళ్ల కోసం, పరీక్షల్లో దొరకకుండా ప్రత్యేకంగా తయారైన, కండలు పెంచే స్టెరాయిడ్ ఒకటి, నాలుక కింద చుక్కలుగా వేసుకునేది. ఒంటికి పూసుకునే క్రీము ఇంకొకటి. ఒక పరుగుల కోచ్ పంపిన వాడేసిన సిరంజి నుంచి, లాస్ ఏంజిలెస్‌లో డాన్ కాట్లిన్ ల్యాబ్ ఆ రసాయనం గుట్టు విప్పింది.

బాండ్స్ చిన్ననాటి స్నేహితుడు, ట్రైనర్ గ్రెగ్ అండర్సన్ ఆ కేసులో ఉన్నాడు. కేసు పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు బాండ్స్ చెప్పింది 2004 డిసెంబర్‌లో పేపర్లో వచ్చింది. ట్రైనర్ ఇచ్చినవి వాడానని, అవి అవిసె గింజల నూనె, కీళ్లనొప్పుల మందు అనుకున్నానని. తెలిసి స్టెరాయిడ్ వాడలేదని అతను ఎప్పుడూ అంటూనే ఉన్నాడు. 2011లో విచారణను అడ్డుకున్నాడని శిక్ష పడింది, 2015లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం లెక్క అక్కడితో తేలిపోయింది. మా లెక్క తేలలేదు.

ఆ పేపర్ వచ్చిన రోజు పెద్దాయన రేడియో మోగలేదు. లంచ్‌లో నాతో చాలాసేపు మాట్లాడారు. స్టెరాయిడ్ బంతిని చూపించదు, కన్నూ మణికట్టూ దేవుడిచ్చినవే అన్నారు. కానీ ఆరు నెలల్లో 162 ఆటలు ఆడే ఒంటికి అలసట తెలియకుండా చేస్తుంది. ముప్పై ఏడేళ్ల మనిషి ఇరవై ఏడేళ్ల వాడిలా మళ్లీ మర్నాడు బరువులెత్తగలడు. తన కాలంలో ఆటగాళ్లు హుషారు కోసం యాంఫెటమిన్ మాత్రలు మింగేవారని కూడా దాచకుండా చెప్పారు. వాటికి 2006 దాకా పరీక్షే లేదు. స్టెరాయిడ్లు వద్దని 1991లోనే కమిషనర్ మెమో పంపినా, పరీక్షలు మొదలైంది 2003లో. పన్నెండేళ్లు అందరూ కళ్లు మూసుకున్నారు: ఓనర్లు, యూనియన్, పేపర్లు, మనం కూడా అన్నారు.

ఆయన ఎక్కువ బాధపడింది పేరులేని వాళ్ల గురించి. స్టెరాయిడ్ ముట్టనని నిలబడి, పెద్ద జట్టులో చోటు దక్కక, చిన్న ఊళ్లలో బస్సుల్లో తిరుగుతూ ఆట వదిలేసిన వాళ్లు. వాళ్ల స్కోరు ఎవరూ రాయలేదు అన్నారు. కెన్ కామినిటి గురించి చెప్పారు. 1996లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడిగా ఎన్నికై, 2002లో తానే బయటికొచ్చి స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్న మనిషి. 2004లో, 41 ఏళ్లకే, డ్రగ్స్ ఎక్కువై పోయాడు. అతని ధైర్యాన్ని ఎవరూ మెచ్చుకోలేదని పెద్దాయన గొంతు పూడుకుపోయింది.

ఆ రాత్రి నాకు మా నాన్న గుర్తొచ్చారు. అజరుద్దీన్ అంటే మా ఇంట్లో దేవుడితో సమానం. మన హైదరాబాద్ కుర్రాడు మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొడితే, నాన్న వీధంతా మిఠాయి పంచారు. 2000 డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో బోర్డు అతన్ని జీవితకాలం నిషేధించినప్పుడు ఫోన్ కార్డు గీకి, నంబర్లన్నీ నొక్కి, ఇంటికి కాల్ చేశాను. లైన్‌లో గరగర. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. చివరికి, "ఆ ఫోర్లు నేను కళ్లారా చూశాను కదరా, వాటినేం చేసుకోమంటావు?" అన్నారు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది. అప్పటికి నాన్న లేరు.

* * *

2007 ఆగస్టు 7. కెరీర్ మొత్తంలో హాంక్ ఆరన్ కొట్టిన 755 రికార్డు దాటే బాండ్స్ 756వ హోమ్ రన్. నేను ఇంట్లో టీవీ ముందు, మా అబ్బాయి నా ఒళ్లో. వాషింగ్టన్ పిచ్చర్ మైక్ బాక్సిక్ బంతి. మా అబ్బాయి గంతులేశాడు, నేను వేయలేకపోయాను. స్టేడియంలో పెద్ద తెర మీద ఆరన్ కనిపించి అభినందించాడు. బేబ్ రూత్ 714 దాటబోతున్న రోజుల్లో నల్లవాడివని చంపుతామంటూ సంచులకొద్దీ ఉత్తరాలు అందుకున్న మనిషి. ఆయన మర్యాదగా మాట్లాడుతుంటే, నాకు అక్కడ బాండ్స్ కనబడలేదు.

వేరే ఊళ్ల స్టేడియాల్లో జనం పట్టుకున్న అట్టలు అంతకుముందు వార్తల్లో చూపించేవారు. వాటిమీద నక్షత్రం గుర్తు. రికార్డు పుస్తకంలో ఈ అంకె పక్కన 'అయితే' అని పెట్టాలని దాని అర్థం. "నాన్నా, ఆ స్టార్ ఎందుకు, బాగా ఆడినందుకా?" అని వాడడిగాడు. ఏడేళ్ల పిల్లాడికి ఏం చెప్పను? తర్వాత ఆ బంతిని కొన్న వ్యాపారి జనం ఓట్లడిగి, నిజంగానే దాని మీద నక్షత్రం గుర్తు కొట్టించి కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియంకి ఇచ్చాడు.

ఆ రాత్రే పెద్దాయనకి ఫోన్ చేశాను. రిటైరై చాన్నాళ్లయింది. గరాజ్‌లో రేడియో విన్నారట. రాశారా అని అడిగాను. "రాశాను. బంతి గోడ దాటింది కదా. ఏం జరిగిందో అదే రాస్తాను. మిగతాది పెన్సిల్‌కి తెలియదు" అన్నారు.

మా అబ్బాయి హైస్కూల్‌కి వచ్చి బేస్‌బాల్ టీంలో చేరాక ఒక రోజు, వాడి బ్యాగ్‌లో పౌడర్ డబ్బా కనిపించింది. పైన కండలు తిరిగిన మనిషి బొమ్మ. నా చేతులు వణికాయి. 2005లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ నేను టీవీలో చూశాను. మెగ్వైర్ గతం గురించి మాట్లాడటానికి రాలేదంటూ అదే మాట తిప్పి తిప్పి చెప్పిన రోజు అది. అదే రోజు, ఆటగాళ్లకంటే ముందు, స్టెరాయిడ్లు వాడి కొడుకుని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మాట్లాడారు. ఆ పిల్లల్లో ఒకడు హైస్కూల్ పిచ్చరే. ఆ తండ్రి మొహం నాకు గుర్తుంది. డబ్బా లేబుల్ అంతా వాడి ముందే చదివాను, అర్థంకాని ప్రతి పేరూ వెతికాం ఇద్దరం. అది మామూలు ప్రోటీన్ పౌడరే. అయినా ఆ రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి, భీమవరం అంకుల్ డబ్బా దగ్గర్నుంచి బర్లింగేమ్ దాకా మొత్తం చెప్పాను. వాడు తెల్లారి తనే దాన్ని పారేశాడు.

* * *

ఆటలో గొప్పవాళ్లకి గోడ మీద చోటిచ్చే కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రావాలంటే 75 శాతం ఓట్లు కావాలి. పదేళ్లు ప్రయత్నించి, 2022లో చివరిసారి బాండ్స్‌కి వచ్చింది 66 శాతం. 2025 డిసెంబర్‌లో 16 మంది కమిటీ మళ్లీ చూసింది. అతనితో కలిసి ఆడిన జెఫ్ కెంట్ ఎన్నికయ్యాడు. బాండ్స్‌కి ఐదు ఓట్లు కూడా రాలేదు. ఏడుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడు, 762 హోమ్ రన్‌లు, గోడ మీద అతని చోటు మాత్రం ఖాళీ. ఆ ఓటు నాకుంటే వేసేవాణ్ణి కాదు. స్టెరాయిడ్ ముట్టనని బస్సుల్లోనే ఆగిపోయిన వాళ్ల మొహాలు గుర్తుంటే చెయ్యి రాదు. అలాగని ఇక్కడ నేను పడ్డ సంతోషాన్ని తీసి పారేయమన్నా నా వల్ల కాదు.

సీట్లలో కూర్చున్నాక మా అబ్బాయి ఫ్రైస్ తెచ్చాడు. సంచిలోంచి పుస్తకం తీసి 2001 అక్టోబర్ 5 పేజీ వెతికాను. బాండ్స్ వరుసలో మొదటి గడి నల్లగా, నీటుగా నిండి ఉంది. పక్కన 71. ఇంకో రెండు గడులవతల 72. ఎక్కడా చెరిపిన గుర్తు లేదు, నక్షత్రం లేదు. ఇరవై నాలుగేళ్లు దాటినా పెన్సిల్ మెరుపు పోలేదు.

పేజీ అడుగున మార్జిన్‌లో సన్నటి అక్షరాలు. ముందు స్కోరుకి సంబంధించినదే అనుకున్నాను. నా పేరు, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పుతో. దాని కింద: "చలికి వణికిపోయాడు. నా జాకెట్ ఇచ్చాను. ఉద్యోగం గురించి దిగులుగా ఉన్నాడు. ఫ్రైస్ తిన్నాడు."

పుస్తకం మా అబ్బాయి చేతికిచ్చాను. వాడు అది రెండుసార్లు చదివి, చివర్లో మిగిలిన ఖాళీ పేజీలు తిప్పి, "పెన్సిల్ తెచ్చావా నాన్నా?" అన్నాడు.

పిచ్చర్ అప్పటికే మట్టిగుట్ట మీదికి ఎక్కుతున్నాడు. జేబులోంచి తీసిచ్చాను.